బంగ్లాదేశ్ ఎలా నిలదొక్కుకుంది, ఎక్కడ ఇరుక్కుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

బట్టల ఎగుమతి పనిలో ఉన్నాను కాబట్టి ఢాకాకి కొన్నిసార్లు వెళ్ళొచ్చాను. వచ్చిన ప్రతిసారీ చుట్టాలు, ఆఫీసు వాళ్ళు, వాట్సాప్ గ్రూపు వాళ్ళు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. "అడుక్కుతినే దేశం అనేవాళ్ళు కదా, మనల్ని దాటేసిందంటారేంటి?" అని ఒకరంటే, "అంత బాగుంటే ప్రధాని ఎందుకు పారిపోయినట్టు?" అని ఇంకొకరు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక అన్నీ ఇక్కడ రాసి పెట్టాను. నేను ఆర్థికవేత్తని కాదు. చదివినవి కొన్ని, చూసినవి కొన్ని, ఒకటి రెండు చోట్ల నా అభిప్రాయం కూడా కలిసి ఉంటుంది.

అసలు ఆ దేశం ఎంత ఉంటుంది?

మన ఆంధ్రప్రదేశ్ కన్నా కాస్త చిన్నది. విస్తీర్ణం సుమారు 1,47,500 చదరపు కిలోమీటర్లు. అందులో 2022 జనాభా లెక్కల ప్రకారం 16.5 కోట్ల మంది ఉంటున్నారు. అంటే ఆంధ్రప్రదేశ్ జనాన్ని మూడుసార్లు తెచ్చి ఇదే నేల మీద కూర్చోబెట్టినట్టు. కృష్ణా డెల్టాలో ఊరికి ఊరు తగులుతూ ఉంటుందని అనుకుంటాం. అక్కడ దేశమంతా అదే వరస, మధ్యలో నదులు.

పుట్టినప్పుడు పరిస్థితి ఏమిటి?

ఏ దేశమూ అంతకన్నా చెడ్డ ముహూర్తంలో పుట్టి ఉండదు. 1970 నవంబర్ 12న భోలా తుఫాను వచ్చింది. చనిపోయినవాళ్ళు మూడు లక్షలని కొందరు, ఐదు లక్షలని కొందరు అంటారు. అప్పటికి అది తూర్పు పాకిస్తాన్. కళ్ళు తుడుచుకునేలోపే 1971 మార్చిలో పాకిస్తాన్ సైన్యం విరుచుకుపడింది. దాదాపు కోటి మంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. డిసెంబర్ 16న పాక్ సైన్యం ఢాకాలో లొంగిపోయేనాటికి పద్మ నది మీద హార్డింజ్ వంతెన లాంటి పెద్ద పెద్ద వంతెనలు కూలి ఉన్నాయి, ఓడరేవులు పాడై ఉన్నాయి, ఖజానా ఖాళీ. అమెరికా ప్రభుత్వ సమావేశంలో ఒక అధికారి ఈ కొత్త దేశాన్ని "బాస్కెట్ కేస్" అన్నాడు, అంటే ఎవరో ఒకరు ఎత్తుకుని మొయ్యాల్సిందే తప్ప తనంతట తాను నిలబడలేనిది అని. ఆ మాట అప్పటి అమెరికా అధ్యక్షుడి సలహాదారు కిసింజర్ పేరు మీద చలామణి అయిపోయింది గానీ మొదట అన్నది ఆయన కాదు.

ఆ తర్వాత 1974 కరువు. బ్రహ్మపుత్ర వరదలు వచ్చాయి, బియ్యం ధర చుక్కలనంటింది, రంగ్‌పూర్ వైపు జనం పిట్టల్లా రాలిపోయారు. ప్రభుత్వ లెక్క 27 వేల లోపు. బయటి అంచనాలు పది లక్షల పైన. మన రాయలసీమ కరువుల నాటి గంజి కేంద్రాల లాంటివి అక్కడ లంగర్‌ఖానాలు. అవి దాదాపు ఆరు వేలు తెరిచారు. క్యూబాకి గోనె సంచులు అమ్మారన్న కోపంతో అమెరికా సరిగ్గా అప్పుడే తిండి గింజల సాయం ఆపేసింది.

ఆర్థికవేత్త అమర్త్యసేన్ తర్వాత లెక్కలు తీసి చూస్తే తేలిందేమిటంటే, తలసరి తిండి గింజలు ముందూ వెనకా సంవత్సరాల కన్నా ఆ ఏడాదే ఎక్కువ ఉన్నాయి. బియ్యం లేక కాదు జనం పోయింది. వరద వల్ల కూలి పనులు పోయాయి, ధర పెరిగింది, కొనే చెయ్యి ఖాళీ అయింది. ఈ పాఠం ఆ దేశానికి బాగా ఎక్కిందని నాకు అనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ బియ్యం ధరని తేలిగ్గా తీసుకోలేదు.

అక్కడ జనపనార బంగారం అనేవాళ్ళు కదా, అది ఏమైంది?

దాన్ని "సోనాలీ ఆంశ్" అనేవాళ్ళు, బంగారు పోగు. నారాయణ్‌గంజ్‌లో ఆదంజీ జూట్ మిల్లు ప్రపంచంలోనే పెద్ద మిల్లుల్లో ఒకటిగా వెలిగింది. ప్లాస్టిక్ సంచి వచ్చి ఆ వెలుగు ఆర్పేసింది. 2002 జూన్ 30న మిల్లు మూతపడింది. ఉత్తరాంధ్రలో గోగునార కడిగిన వాళ్ళకీ, జూట్ మిల్లుల గేట్ల ముందు నిలబడ్డ వాళ్ళకీ ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే, ఆదంజీ స్థలంలో ఇప్పుడు ఎగుమతి జోన్ ఉంది. అక్కడ గార్మెంట్స్ కుడుతున్నారు.

అంతమందికి తిండి ఎలా సరిపోతోంది?

1971 ప్రాంతంలో కోటి టన్నుల దరిదాపు బియ్యం పండేది. ఇప్పుడు మూడున్నర కోట్ల టన్నుల పైన పండిస్తున్నారు, పైగా పొలం పెరగలేదు, తగ్గింది. మన దాళ్వా లాంటిది వాళ్ళ "బోరో" పంట. చలికాలంలో నాటి ఎండాకాలంలో కోస్తారు. దానికి నీళ్ళు కావాలి. 1980ల చివర్లో చిన్న డీజిల్ ఇంజన్ల దిగుమతి మీద ఆంక్షలు ఎత్తేశారు. చైనా నుంచి చౌక ఇంజన్లు దిగాయి. కొనగలిగినవాడు కొని బోరు వేసుకున్నాడు, కొనలేనివాడు పక్క రైతు దగ్గర నీళ్ళు కొనుక్కున్నాడు. పెద్ద ఆనకట్ట కట్టకుండానే పంట మారిపోయింది. దాని ఖరీదు వేరే రూపంలో కట్టారు: బోరు నీళ్ళలో విషం, ఆర్సెనిక్, ఉందని 1993లో బయటపడింది.

మన వాళ్ళకి గర్వంగా చెప్పుకోదగ్గ ముక్క ఒకటుంది. పశ్చిమ గోదావరి మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, బంగ్లాదేశ్ ఉత్తర జిల్లాల్లో రైతులు విరివిగా వేస్తారు. ఏ ప్రభుత్వమూ పంపలేదు, సరిహద్దు దాటి రైతు చేతుల మీదుగా వెళ్ళింది. తర్వాత నీట మునిగినా తట్టుకునే స్వర్ణ-సబ్1 రకాన్ని మాత్రం బ్రి ధాన్ 51 అనే పేరుతో అధికారికంగా విడుదల చేశారు.

పసిపిల్లల మరణాలు అంతగా ఎలా తగ్గాయి? డబ్బు లేదు కదా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. 1990లో వెయ్యి మంది పిల్లలు పుడితే ఐదేళ్ళు నిండేలోపు 140 మందికి పైగా చనిపోయేవాళ్ళు. ఇప్పుడు ఆ సంఖ్య 30 దగ్గరకి వచ్చింది. ఆసుపత్రులు కట్టడం వల్ల వచ్చిన మార్పు కాదిది. టీకాలది పెద్ద వాటా, దాని పక్కనే ఉప్పు, బెల్లం ఉన్నాయి.

విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగించాలని ఇప్పుడు మన ఊళ్ళో మెడికల్ షాపు కుర్రాడు కూడా చెబుతాడు. ఆ ద్రావణం కలరా రోగుల మీద పనిచేస్తుందని 1968లో తేల్చింది ఢాకాలోని కలరా పరిశోధన కేంద్రంలోనే. 1971 యుద్ధంలో మన వైపు బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనాబిస్ డ్రమ్ముల్లో ద్రావణం కలిపి తాగించి వేల ప్రాణాలు కాపాడారు. మందు తెలిసింది, ఇక దాన్ని ఇంటింటికీ ఎవరు చేర్చాలన్నదే సమస్య. ప్యాకెట్లు కొనే డబ్బు ప్రభుత్వానికీ లేదు, తల్లికీ లేదు.

ఆ పని 1972లో ఫజ్లే హసన్ అబెద్ మొదలుపెట్టిన బ్రాక్ సంస్థ తలకెత్తుకుంది. 1980 నుంచి పదేళ్ళ పాటు వాళ్ళ ఆడ కార్యకర్తలు గడప గడపకీ తిరిగారు. వాకిట్లో తల్లిని కూర్చోబెట్టి చేసి చూపించేది ఇంతే: మూడు వేళ్ళతో పట్టినంత ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్ళు. అక్కడ దాన్ని "లొబోన్-గూర్" అంటారు. లవణం, గుడం. మన గుడాన్నంలో ఉన్న గుడమే. చూపించాక తల్లి చేతే కలిపించేవాళ్ళు. అర సేరుకి గుర్తుగా ఆ ఇంట్లో ఉన్న గిన్నె మీదే గీత పెట్టేవాళ్ళు.

జీతం పెట్టిన తీరులో తెలివంతా ఉంది. కార్యకర్తకి ఇన్ని ఇళ్ళు తిరిగినందుకు ఇంత అని ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత వేరే మనిషి వచ్చి కొందరు తల్లుల్ని ఎంచుకుని, "ఏదమ్మా, కలిపి చూపించు" అని అడిగేవాడు. తల్లికి ఎంత గుర్తుంటే కార్యకర్తకి అంత డబ్బు. అయినా మొదట్లో చాలామంది తల్లులు నేర్చుకున్నారు గానీ వాడలేదు. ఎందుకా అని ఆరా తీస్తే నేర్పేవాళ్ళకే నమ్మకం లేదని తేలింది! వాళ్ళని ఢాకా ల్యాబుకి తీసుకెళ్ళి ద్రావణం ఎలా పనిచేస్తుందో చూపించారు. ఆడవాళ్ళకే చెబితే మగవాళ్ళు అడ్డుపడుతున్నారని మసీదుల దగ్గర, సంతల్లో మగవాళ్ళకి కూడా చెప్పారు. పదేళ్ళలో 1.2 కోట్లకు పైగా ఇళ్ళు తిరిగారు.

మన దగ్గర ఏ పథకం పెట్టినా లక్ష్యం ఇంతమందికి పంచాం అని రాస్తాం. ఇక్కడ ఎంతమందికి గుర్తుందని రాశారు. నేను ఉద్యోగంలో ట్రైనింగులు ఇచ్చిన ప్రతిసారీ ఈ గిన్నె మీద గీతే గుర్తొస్తుంది.

ముస్లిం దేశంలో కుటుంబ నియంత్రణ ఎలా సాధ్యమైంది?

ఈ ప్రశ్న అడిగే తీరులోనే ఒక అపోహ ఉంది. 1970ల మొదట్లో ఒక్కో స్త్రీకి సగటున ఆరు, ఏడుగురు పిల్లలు. 2011 నాటికి అది 2.3. ఇక్కడా గడప దాకా వెళ్ళడమే కిటుకు. పరదా వల్ల ఆడవాళ్ళు బయటికి రాకపోతే మాత్రలు, సలహా ఇంటికే వచ్చాయి. వేల మంది స్థానిక యువతుల్ని ప్రభుత్వం ఈ పనికి పెట్టుకుంది. ఎమర్జెన్సీలో మన దగ్గర జరిగిన బలవంతపు ఆపరేషన్లతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది, అలాగని అక్కడ ఒత్తిళ్ళు అసలే లేవని కూడా అనలేం.

1994 నుంచి పల్లెల్లో హైస్కూల్లో చదివే ఆడపిల్లలకి దేశమంతటా స్టైపెండ్ ఇచ్చారు. షరతులు: బడికి రావాలి, పరీక్షల్లో మార్కులు రావాలి, పెళ్ళి కాకూడదు. హైస్కూల్లో అమ్మాయిల సంఖ్య అబ్బాయిల్ని దాటింది. పెళ్ళి విషయంలో మాత్రం ఓడిపోయారు. ఇప్పటికీ అక్కడ దాదాపు సగం మంది అమ్మాయిలకి 18 నిండకుండానే పెళ్ళవుతోంది. చదివిస్తున్నారు, త్వరగానే చేసేస్తున్నారు. ఈ రెండూ ఒకే ఇంట్లో కలిసి నడుస్తాయని లెక్కలు చూసేవాళ్ళకి అర్థం కాదు గానీ, మన పల్లెల్లో పెరిగిన ఎవరికైనా అర్థమవుతుంది.

పత్తి పెద్దగా పండని దేశం బట్టల్లో ప్రపంచంలో రెండో స్థానానికి ఎలా వచ్చింది?

కోటా వల్ల. 1974 నుంచి ధనిక దేశాలు ఏ దేశం నుంచి ఎన్ని బట్టలు తీసుకోవాలో లెక్క పెట్టుకున్నాయి. దక్షిణ కొరియాకి ఇచ్చిన వాటా నిండిపోయింది. బంగ్లాదేశ్ వాటా ఖాళీగా ఉంది. కొరియా కంపెనీ దేవూ, బంగ్లాదేశ్‌లో మాజీ ప్రభుత్వ అధికారి పెట్టిన దేశ్ గార్మెంట్స్ 1978లో ఒప్పందం చేసుకున్నాయి. 1979లో 130 మందిని కొరియాలో బూసాన్‌కి పంపి ఆరు నెలలు కుట్టు దగ్గర్నుంచి మార్కెటింగ్ దాకా నేర్పించారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు.

ఆ 130 మందిలో 115 మంది 1987 నాటికి దేశ్‌ని వదిలేశారు! కొందరు సొంత ఫ్యాక్టరీలు పెట్టారు, కొందరు కొత్త ఫ్యాక్టరీల్లో పెద్ద జీతాలకి చేరారు. ఆ కంపెనీకి నష్టం, దేశానికి లాభం. ఒక కంపెనీ నేర్పిన విద్య వంద కంపెనీలకి అంటుకుంది.

రెండో కిటుకు బ్యాంకుది. మా పనిలో దీన్ని బ్యాక్ టు బ్యాక్ ఎల్సీ అంటాం. విదేశీ కొనుగోలుదారు ఇచ్చిన ఎల్సీ, అంటే బ్యాంకు హామీ పత్రం, తాకట్టు పెట్టి దాని మీద ఇంకో ఎల్సీ తెరిచి గుడ్డ దిగుమతి చేసుకోవచ్చు. ఆ గుడ్డకి సుంకం లేదు, తాళం వేసిన బాండెడ్ గోడౌన్‌లో ఉంచి ఎగుమతికే వాడాలి. చొక్కాలు పోయాక డబ్బు వస్తుంది, గుడ్డ వాడికి కట్టేస్తారు. పెట్టుబడి పెద్దగా లేనివాడు కూడా ఒక అంతస్తు అద్దెకి తీసుకుని, మిషన్లు వేసుకుని ఎగుమతిదారు అయిపోవచ్చు. ఢాకాలో ఫ్యాక్టరీ అంటే మైదానం, పొగ గొట్టం కాదు. మామూలు మేడలో కింద దుకాణాలు, పైన కుట్టు లైన్లు. ఈ అలవాటే తర్వాత ప్రాణాలు తీసింది.

2005లో కోటాలు ఎత్తేసినప్పుడు ఇక బంగ్లాదేశ్ పని అయిపోయిందన్నారు. అవలేదు, పెరిగింది. యూరప్ 2001 నుంచి సుంకం లేకుండా తీసుకుంటోంది, కూలి చౌక, చైనాలో కూలి పెరిగింది. ఇప్పుడు ఎగుమతుల్లో ఐదింట నాలుగు వంతులు బట్టలే. ఏటా నాలుగు వేల కోట్ల డాలర్లకి అటూ ఇటూ. 40 లక్షల మందికి అదే బతుకు.

ఆ పనితో ఆడవాళ్ళ బతుకు బాగుపడిందా, దోపిడీయేనా?

రెండూ. ఒకటే ఎంచుకోమంటే నా వల్ల కాదు.

పొద్దున్న ఏడున్నరకి ఢాకా శివార్లలో ఫ్యాక్టరీలుండే ఆశులియా రోడ్డు మీద నిలబడితే కనిపించే దృశ్యం ఇది. చేతిలో టిఫిన్ బాక్సు, మెళ్ళో ఐడీ కార్డు, రంగురంగుల సల్వార్ కమీజులు, రోడ్డు పట్టనంత మంది అమ్మాయిలు వడివడిగా నడుస్తూ పోతుంటారు. బస్సుకి డబ్బులు దండగ అని నడక. ఒక తరం ముందు వాళ్ళ అమ్మ ఒంటరిగా ఊరి సంతకి వెళ్ళినా మాట పడేది. ఫ్యాక్టరీలున్న చోట పెరిగిన అమ్మాయిలు ఎక్కువ చదివారని, పెళ్ళి ఆలస్యమైందని పరిశోధనల్లో తేలింది. హెల్పర్ ఆపరేటర్ అవ్వాలన్నా కాస్త అక్షరం ముక్క, లెక్క రావాలి కదా.

లోపలికి వెళ్తే ఒక లైను. ఒకామె కాలర్ మాత్రమే కుడుతుంది, ఒకామె కఫ్ మాత్రమే, ఒకామె గుండీ రంధ్రం. లైను చివర తెల్ల బోర్డు మీద గంటకి ఎన్ని పీసులో టార్గెట్ రాసి, పక్కన ఎన్ని అయ్యాయో రాస్తారు. తగ్గితే సూపర్‌వైజర్ గొంతు లేస్తుంది. నేను ఆర్డరు ఆలస్యమవుతోందని ఫోన్‌లో టెన్షన్ పడి అరిచిన రోజున ఆ బోర్డు దగ్గర ఏం జరిగి ఉంటుందో అప్పట్లో ఆలోచించలేదు. తర్వాత ఆ లైను పక్కన నిలబడ్డాకే తెలిసింది.

2013 ఏప్రిల్ 23న ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల మేడ గోడల్లో పగుళ్ళు కనిపించాయి. జనాన్ని దింపేశారు. మర్నాడు కింద అంతస్తుల్లో బ్యాంకు తెరవలేదు, దుకాణాలు తెరవలేదు. పైన గార్మెంట్స్ వాళ్ళని మాత్రం రమ్మన్నారు, రాకపోతే జీతం పోతుందన్నారు. కరెంటు పోయి పై అంతస్తుల జనరేటర్లు వేశారు. తొమ్మిది కాకుండానే మేడ కుప్పకూలింది. 1,134 మంది చనిపోయారు. దానికి ఐదు నెలల ముందే తజ్రీన్ ఫ్యాక్టరీ మంటల్లో వంద మందికి పైగా పోయారు.

రాణా ప్లాజా తర్వాత విదేశీ బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి చట్టబద్ధమైన భద్రతా ఒప్పందం చేసుకున్నాయి. స్వతంత్ర ఇంజనీర్లు ఆ బ్రాండ్లకి కుట్టే ఫ్యాక్టరీలు తిరిగి చూశారు. పనికిరానివి మూయించారు, ఫైర్ డోర్లు పెట్టించారు. ఆ మార్పు నిజమే, నా కళ్ళతో చూశాను. నెలకి కనీస వేతనం 2013లో 5,300 టాకాలు (టాకా అక్కడి రూపాయి), 2018లో 8,000, 2023లో 12,500. చివరిసారి కార్మికులు అడిగింది 23,000. మేడ గట్టిపడింది గానీ చొక్కాకి కొనేవాడు ఇచ్చే ధర పెద్దగా కదల్లేదు. ఇది కొనేవాళ్ళ తరఫున పనిచేసే మనిషిగా చెబుతున్నాను.

యూనస్ గారి చిన్న అప్పులే పేదరికం పోగొట్టాయా?

అవి ఒక్కటే అంటే ఒప్పుకోను. ఆర్థిక శాస్త్ర ప్రొఫెసర్ ముహమ్మద్ యూనస్ 1976లో చిట్టగాంగ్ యూనివర్సిటీ పక్కన జోబ్రా అనే ఊళ్ళో 42 మందికి కలిపి 27 డాలర్ల దాకా సొంత డబ్బు అప్పిచ్చారు. 1983లో గ్రామీణ్ బ్యాంకు అయింది, 2006లో ఆయనకీ బ్యాంకుకీ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. పొలం పత్రాలు లేని ఆడమనిషికి బ్యాంకు అప్పిస్తుందన్న మాటే అప్పట్లో వింత.

దీని గురించి మన వాళ్ళకి పాఠం చెప్పే అర్హత ఎవరికీ లేదు, ఎందుకంటే మనం అనుభవించాం. అదే నమూనా చూసి లాభాల కోసం పెట్టిన కంపెనీలు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులు తగిలించాయి. వారం వారం వసూలు, గ్రూపులో ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు ఆ ఇంటి ముందు కూర్చోవడం, ఆత్మహత్యల వార్తలు. 2010 అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీల్ని కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. హైదరాబాద్ బస్తీల్లోనే ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు జరిపిన అధ్యయనంలో తేలిందేమిటంటే, అప్పు వల్ల కొందరి చిన్న వ్యాపారం కాస్త పెరిగింది, పేదరికం మాత్రం అంతగా మారలేదు.

నా లెక్కలో నిరుపేదల విషయంలో బ్రాక్ 2002లో మొదలుపెట్టిన పద్ధతి మేలు. అప్పు కాదు, ఆవునో మేకల్నో ఇస్తారు, కొన్నాళ్ళు ఖర్చులకి కాస్త డబ్బు ఇస్తారు, వారం వారం మనిషి వచ్చి చూసి వెళ్తాడు. రెండేళ్ళ తర్వాత వదిలేస్తారు. ఖర్చు ఎక్కువే, కానీ ఏళ్ళ తర్వాత కూడా ఆ ఇళ్ళు మళ్ళీ కిందికి జారలేదు.

గల్ఫ్ డబ్బు పాత్ర ఎంత?

చాలా పెద్దది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో బయట ఉన్నవాళ్ళు దాదాపు 3,000 కోట్ల డాలర్లు పంపారు. సౌదీ, ఒమన్, ఖతార్, దుబాయ్, మలేషియా. జగిత్యాల, నిజామాబాద్ ఇళ్ళల్లో ఉన్న కథే అక్కడి కుమిల్లా, నోవాఖాలీ ఇళ్ళల్లోనూ. ఏజెంటుకి కట్టే డబ్బు మాత్రం మనకన్నా వాళ్ళకే ఎక్కువ. వెళ్ళడానికి సగటున నాలుగు లక్షల టాకాలు దాటుతోందని అక్కడి ప్రభుత్వ సర్వే 2020లో తేల్చింది. దాదాపు ఏడాదిన్నర జీతం ఆ అప్పుకే.

ఇప్పటికీ తుఫాన్లకి లక్షల్లో పోతున్నారా?

లేదు, ఇది నిజంగా గెలిచిన యుద్ధం. 1970లో మూడు నుంచి ఐదు లక్షలు. 1991లో దాదాపు 1.4 లక్షలు. 2007లో అంతే భయంకరమైన సిద్ర్ తుఫానుకి 3,400 మంది దాకా. 2020 అంఫాన్‌కి పదుల్లోనే.

1977 దివిసీమ ఉప్పెన చూసినవాళ్ళకి అదే బంగాళాఖాతం, అదే నవంబర్ అని చెబితే చాలు. బంగ్లాదేశ్ చేసింది: స్తంభాల మీద షెల్టర్లు, మామూలు రోజుల్లో అవి బడులు. పశువుల కోసం ఎత్తుగా మట్టి దిబ్బలు, లేకపోతే గొడ్డుని వదిలి రైతు కదలడు. ఊళ్ళో వాలంటీర్లు మెగాఫోను పట్టుకుని తిరుగుతారు, ప్రమాదం పెరిగే కొద్దీ ఒక జెండా, రెండు జెండాలు, మూడు జెండాలు. ఆ వాలంటీర్లు ఇప్పుడు 76 వేల మంది, సగం ఆడవాళ్ళు. 1991లో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువగా పోయారు. పరాయి మగవాళ్ళ మధ్య షెల్టర్లో ఉండటానికి మొహమాటపడి, ఇంట్లో మగదిక్కు వచ్చి చెప్పేదాకా ఆగి. అందుకే తలుపు తట్టేది ఆడమనిషి కావాలని పట్టుబట్టారు.

నిజంగా మనల్ని దాటేసిందా?

2020 అక్టోబర్‌లో ఐఎంఎఫ్, అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి, అంచనాలో ఆ ఏడాది బంగ్లాదేశ్ తలసరి జీడీపీ 1,888 డాలర్లు, మనది 1,877 అని వచ్చింది. అది కరోనాతో మనం కిందపడ్డ ఏడాది. వస్తువుల ధరల తేడా కలిపి లెక్కేస్తే మనమే ముందు. పైగా వాళ్ళ లెక్కల మీద అనుమానాలు బలంగానే ఉన్నాయి. 2024లో ఎగుమతులు వెయ్యి కోట్ల డాలర్లకి పైగా ఎక్కువ చూపించారని వాళ్ళ కేంద్ర బ్యాంకే సరిదిద్దింది. వాట్సాప్‌లో ఈ పోలిక పెట్టి కొట్టుకోవడం కాలక్షేపమే. వాళ్ళ సొంత దారిద్ర్య రేఖ ప్రకారం పేదరికం 2000లో 49 శాతం దగ్గర ఉంటే 2022లో 18.7 శాతానికి వచ్చింది. చూడాల్సింది అది.

పద్మా వంతెన గురించి వాళ్ళు అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారు?

అవినీతి ఆరోపణలతో 2012లో ప్రపంచ బ్యాంకు 120 కోట్ల డాలర్ల అప్పు రద్దు చేసింది. సొంత డబ్బుతో కట్టి 2022 జూన్ 25న తెరిచారు. 6.15 కిలోమీటర్లు, పైన రోడ్డు, కింద రైలు, మన రాజమండ్రి వంతెన లాగే. ఖర్చు మొదటి అంచనాకి మూడింతలు అయింది.

మరి ఇంత ఎదిగిన దేశంలో 2024లో ఆ తిరుగుబాటు ఎందుకు?

చదువుకున్న కుర్రాళ్ళకి ఎదుగుదల అందలేదు కాబట్టి. గార్మెంట్స్ హెల్పర్‌ని తీసుకుంటాయి గానీ ఎంఏ చేసినవాణ్ణి ఏం చేసుకుంటాయి? అక్కడ బీసీఎస్ అనే సివిల్ సర్వీసు పరీక్ష ఉంది. హైదరాబాద్ అశోక్‌నగర్ గల్లీల్లో గ్రూప్స్ కోసం ఏళ్ళ తరబడి కూర్చునే పిల్లల్ని చూసినవాళ్ళకి అది ఇట్టే అర్థమవుతుంది. ఢాకా యూనివర్సిటీ లైబ్రరీలో సీటు కోసం తెల్లవారుజామునే క్యూ. ఆ ఉద్యోగాల్లో 30 శాతం 1971 స్వాతంత్ర్య యోధుల పిల్లలకీ మనవళ్ళకీ. 2018లో రద్దు చేసిన ఆ కోటాని 2024 జూన్‌లో హైకోర్టు మళ్ళీ తెచ్చింది. విద్యార్థులు రోడ్డెక్కారు. జూలై 21న సుప్రీంకోర్టు దాన్ని 5 శాతానికి తగ్గించింది, కానీ అప్పటికే పోలీసు కాల్పుల్లో వందల మంది పోయారు. ఇక అడిగేది కోటా కాదు, కుర్చీ. పదిహేనేళ్ళు సరైన ఎన్నిక చూడని కోపం, బ్యాంకుల్ని దోచుకున్న కోపం, ధరల కోపం అన్నీ కలిశాయి. ఆగస్టు 5న ప్రధాని షేక్ హసీనా మన దేశానికి వచ్చేశారు. 8న యూనస్ తాత్కాలిక ప్రభుత్వ పెద్ద అయ్యారు. చనిపోయినవాళ్ళు 1,400 మంది దాకా ఉండొచ్చని ఐరాస మానవ హక్కుల కార్యాలయం 2025లో చెప్పింది.

2009 నుంచి 2023 దాకా ఏటా సగటున 1,600 కోట్ల డాలర్లు అక్రమంగా దేశం దాటాయని తర్వాత ప్రభుత్వం వేసిన శ్వేతపత్ర కమిటీ లెక్క కట్టింది. చొక్కాకి సెంట్లు లెక్కపెట్టే దేశంలో.

"పేద దేశం" ముద్ర పోతే మంచిదే కదా?

పేరుకి మంచిది, జేబుకి కష్టం. 2026 నవంబర్ 24న అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల జాబితా నుంచి బయటపడాలని ఐరాస 2021లో తీర్మానించింది. ఆ జాబితాలో ఉన్నందుకే చాలా చోట్ల సుంకం లేకుండా బట్టలు అమ్ముకుంటోంది. మా ఫీల్డులో వాళ్ళకి అసలు టెన్షన్ అదే.

అక్కడ తెలుగువాళ్ళు ఉన్నారా?

ఉన్నారు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో కొందరిని ఊళ్ళు ఊడ్చే పనికి, కొందరిని సిల్హెట్ తేయాకు తోటల్లోకి తీసుకెళ్ళారు. ఢాకా ధోల్‌పూర్‌లో తెలుగు కాలనీ ఉంది. తరాలుగా నగరాన్ని శుభ్రం చేసేది వాళ్ళే. 2023 ఫిబ్రవరిలో కాలనీ ఖాళీ చేయమన్నారన్న వార్త అక్కడి పత్రికల్లో చూశాను. ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చాడో చాలామందికి తెలియదు. ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు, పిల్లలు బడిలో బెంగాలీ రాస్తారు.